నేలకు బిగించని మిషన్లు

లెయోన్‌లో పుట్టినవాళ్ళకి
తోలు వాసన ఇంటిపేరులాంటిది.
కళ్ళు మూసుకుని చెప్పేస్తాం, ఇది దూడదో మేకదో.
మా మామగారు ఎలెయుతేరియో
నలభై ఒక్క ఏళ్ళు బూట్లు కుట్టారు కోయెసీయో పేటలో.
దారానికి మైనం పట్టించీ పట్టించీ
ఆయన బొటనవేలు అరిగి నున్నబడింది.
ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు యంత్రం
ఆ వేలిని మనిషి వేలని ఒప్పుకోదు.
రోజూ ఒక గార్డు లేచి, నవ్వి,
పుస్తకంలో పేరు రాసుకుని లోపలికి పంపుతాడు.

ఓడల్లో చవక బూట్లు దిగిన ఏడు
మా దుకాణం మూతపడింది.
ఆ మరుసటేడు పెట్టుబడి వచ్చింది.
వచ్చిందంటే, ముందు మాటగా వచ్చింది.
రేడియోలో, చర్చి మెట్ల మీద, మంగలి షాపులో.
సిలావో రోడ్డు పక్క మొక్కజొన్న చేలో పందిరి వేసి
ఒక బోర్డు నిలబెట్టారు,
దాని మీద సున్నాలు లెక్కపెట్టలేక
మా చిన్నది మూడుసార్లు మొదటికొచ్చింది.

కొత్త అల్లుడికి చేసే మర్యాదలన్నీ చేశాం.
నేల ఉచితం. పదేళ్ళు పన్ను లేదు.
రైలు పట్టా వాళ్ళ గుమ్మం దాకా.
మా పేటకి రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు
అక్కడ రాత్రీ పగలూ.
అల్లుడు అలగకూడదు కదా.

సీటు కవరుకి యాభై ఎనిమిది సెకన్లు.
బూడిదరంగు తోలు, బూడిదరంగు దారం.
మామగారు నాకు ఎడమపక్క మిషన్ మీద.
మూడో నెలలో ఆయన చెయ్యెత్తారు:
"ఇది మెడ తోలు. సాగుతుంది.
కూర్చునే చోట వెయ్యకండి, వీపు వైపు వెయ్యండి."
యురీదియా దాన్ని జపాన్ మాటల్లోకి మార్చింది.
ఇంజనీరు హతకెయమా వంగి, ముక్కని లాగి చూసి,
వాసన కూడా చూశాడు.
ఉత్తరం రాస్తానన్నాడు.
ఆరు వారాలకి జవాబొచ్చింది.
చెప్పడానికి తనే నడిచొచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.
డ్రాయింగు మార్చకూడదట.
"సరే" అన్నారు మామగారు,
"సాగినప్పుడు మాత్రం నన్ను తలుచుకోమను."
ఆ ముక్కని యురీదియా అనువదించలేదు.

నేను తిట్టలేను.
ఆ జీతంతోనే పై వరస పళ్ళు కట్టించుకున్నాను,
ఇప్పుడు ఫోటోల్లో చెయ్యి అడ్డం పెట్టుకోను.
రేకులు తీసి స్లాబు వేశాం.
శుక్రవారం సాయంత్రం చేతిలో పడే డబ్బు
అబద్ధం కాదు.
కానీ ఆ కారు ఖరీదు ఎంతో తెలిసిన రోజు
వేళ్ళ మీద లెక్కేశాను,
వేళ్ళు చాల్లేదు,
మళ్ళీ పనిలోకి వంగాను.

మొన్న మార్చిలో
మామగారి బాబిన్ జారి కింద పడింది.
తీసుకోవడానికి మిషన్ కిందికి దూరారు.
ఎంతసేపటికీ లేవలేదు.
నేను నడుం పట్టేసిందనుకున్నాను.

ఆ రాత్రి బీన్స్ గిన్నె ముందు చెప్పారు:
"వాటికి చక్రాలున్నాయి, ఓబ్దూలియా.
ఒక్కోదానికి నాలుగు. చిన్న బ్రేకు, కాలితో నొక్కేది.
నేలలో ఒక్క బోల్టు లేదు."

మా దుకాణం అమ్మినప్పుడు
పాత మిషన్ని పెకలించడానికి
గచ్చంతా పగలగొట్టాల్సి వచ్చింది.
కొన్నవాడు విసుక్కున్నాడు.
మామగారు ఆ సిమెంటు పెచ్చొకటి
ఇప్పటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతారు.

పదేళ్ళు నిండడానికి ఇంకా పద్నాలుగు నెలలు.
సరిహద్దు అవతల ఇంకెక్కడో
ఇంకెవరో పందిరి వేస్తున్నారని క్యాంటీన్‌లో అంటున్నారు.
అన్నవాళ్ళెవరూ చూడలేదు.

ఆదివారం సంతలో ఆయన
పాత ఇనుము అమ్మేవాడి దగ్గర
నాలుగు బోల్టులు బేరమాడారు.
ఎందుకని అడిగితే
జేబులో వేసుకుంటూ అన్నారు:
"ఏం లేదు.
ఆ సైజు పడుతుందో లేదో
ఒకసారి చూద్దామని."